పెట్టె మెరుపు చూసి డబ్బు పోయకండి
పాత హామ్ రేడియో సామాను బేరంలో ఒక రైతు కుటుంబం అనుభవం

సత్తెనపల్లి: గేదెను కొనబోతే మనవాళ్ళు పళ్ళు చూస్తారు, పొదుగు చూస్తారు, రెండు పూటలా పాలు పిండించి చూస్తారు. పాత ట్రాక్టరు కొనబోతే మెకానిక్కును వెంట తీసుకుపోతారు. అదే పాత రేడియో యంత్రం కొనవలసి వస్తే మాత్రం ముందు వైపు దీపం వెలిగిందా లేదా అని చూసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేస్తారు. ఇది ఎవరినో ఎత్తిపొడవడానికి రాస్తున్నది కాదు. ఈ విలేకరి ఇంటి మనుషులే ఆ పని చేసి తొమ్మిది వేల రూపాయలు పోగొట్టుకున్నారు.

ఈ విలేకరి మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు. తండ్రిది మూడెకరాల మిర్చి, రెండెకరాల పత్తి. కుర్రవాడికి కాలేజీలో హామ్ రేడియో పిచ్చి పట్టుకుంది. హామ్ రేడియో అంటే, మనం ఆకాశవాణి వింటాము కదా, అలా వినడమే గాక తిరిగి మాట్లాడడం కూడా. మధ్యలో సెల్ టవరు వుండదు, కంపెనీ వుండదు, నెలనెలా రీచార్జి వుండదు. ఇక్కడి తీగ నుంచి బయలుదేరిన మాట ఆకాశంలోకి పోయి అక్కడి తీగ మీద వాలుతుంది. అయితే దీనిని వ్యాపారానికి వాడకూడదు. గుంటూరు యార్డులో మిర్చి ధర కనుక్కోవడానికి గాని, లారీ పంపమని చెప్పడానికి గాని పనికిరాదు.

"మరి ఎందుకోయ్ ఇది? కూడు పెడుతుందా?" అని బావగారు ఈ విలేకరినే నిలదీశారు, పిల్లవాడిని చెడగొట్టింది మేనమామేనన్నట్టు.

కూడు పెట్టదు. కాని 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగపోయాయి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ అనే ఆమె ఆ నెలలోనే పోర్టుబ్లెయిరు వెళ్ళి వున్నారు. ప్రపంచంలోని హామ్‌లు అండమాన్‌తో మాట్లాడాలని ముచ్చట పడతారు గనుక ఆ సరదా తీర్చడానికి వెళ్ళిన బృందం అది. సరదా కోసం తీసుకుపోయిన యంత్రాలే మరునాటి నుంచి ద్వీపాల్లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారం ఒడ్డుకు చేరవేశాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఎంత పెద్ద నగరంలోనయినా సెల్ ఫోను ఎంత తొందరగా చేతిలో బొమ్మయిపోతుందో రాష్ట్రమంతా చూసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కల్లాల్లో మిర్చి, చేలలో పత్తి తడిసిన సంగతి మన రైతులకు చెప్పనక్కరలేదు. బావగారు ఇదంతా విని "సరే, టిక్కీలు అమ్మినాక చూద్దాం" అన్నారు.

తొలి బేరం

పరీక్ష పాసయి లైసెన్సు చేతికి వచ్చిన వారానికే కుర్రవాడు స్నేహితుడితో కలిసి ఒక పెద్ద పట్టణానికి బస్సెక్కాడు. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టులో ఒకప్పుడు టాక్సీల్లో వాడిన వైర్‌లెస్ సెట్టు ఒకటి రూ.7,500కు, వంద అడుగుల కేబులు రూ.1,800కు కొన్నాడు. సెట్టు మీద గీత లేదు. తుడిచి, నూనె రాసి పెట్టాడు కొట్టువాడు. మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగింది. చాలుననుకున్నారు.

ఇంటికి వచ్చాక తెలిసింది. ఆ సెట్టు 146 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకే పనిచేసే రకం. ఆ వైపున మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన జాగా 144 నుంచి 146 వరకు. పొలం కొన్నాం గాని సర్వే నంబరు పక్కవాడిది అన్నట్టయింది. సెట్టు చెడిపోయింది కాదు, మోసపు సరుకూ కాదు. కొట్టువాడు అబద్ధమాడలేదు, వీడు అడగలేదు. సెట్టు అడుగున అంటించిన రేకు మీద మోడల్ నంబరు వుంటుంది. అది ఏ శ్రేణిదో అందులోనే తెలుస్తుంది. ఆ రేకు చదవకుండా జేబులో చెయ్యి పెట్టడమే తప్పు.

ఇంకో సంగతి. ఒకవేళ ఆ సెట్టు సరైన శ్రేణిదే అయినా పల్లెలో పెద్దగా అక్కరకు వచ్చేది కాదు. ఈ పొట్టి తరంగాలు చూపు మేరకే పోతాయి. పట్టణంలో నలుగురు హామ్‌లు దగ్గర దగ్గరగా వుంటారు కనుక వాళ్ళకు బాగు. మన ఊరి చుట్టూ పది మైళ్ళలో మరొక హామ్ లేకపోతే ఎవరితో మాట్లాడుతాడు? పల్లెటూరి హామ్‌కు కావలసింది 7 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే యంత్రం. దానిని వాళ్ళ భాషలో నలభై మీటర్ల బ్యాండు అంటారు. పగటి పూట హైదరాబాదు, మద్రాసు, బెంగుళూరు దీని మీద పక్క వీధిలో వున్నట్టు వినిపిస్తాయి.

ఇక కేబులు. పైన నల్లగా నిగనిగలాడుతున్నది. చివర రెండంగుళాలు కోసి తోలు ఒలిచి చూస్తే లోపలి రాగి జల్లెడ నల్లబడి, గిల్లితే పొడి రాలుతున్నది. ఏ మేడ మీదో ఏళ్ళ తరబడి వానకు తడిసి, చివరి కొక్కెం గుండా నీరు లోపలికి దిగిన సరుకది. పాత కేబులు కొనే ప్రతివాడూ ముందు చాకు తీయాలి. రెండంగుళాలు కోయనివ్వనని అమ్మేవాడంటే లేచి రావాలి. లోపల రాగి ఎర్రగా మెరవాలి. టీవీ కేబులు కూడా చూపు మీద అలాగే వుంటుంది గాని అది 75 ఓముల రకం, హామ్ సెట్లకు 50 ఓములది కావాలి. తోలు మీద అచ్చువేసిన అంకె చూసి తీసుకోవాలి. మరీ సన్న రకం పొడుగ్గా లాగకూడదు. కొత్తదైనా సరే, వంద అడుగుల సన్న కేబులులో 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు నాలుగింట మూడు వంతుల శక్తి దారిలోనే ఆవిరయిపోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర పోయేది నాలుగో వంతే.

బావగారు ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే పిల్లవాడికి ఎక్కువ గుచ్చుకుంది.

కాగితం లేనిదే పెట్టె ముట్టవద్దు

సామాను సంగతికి ముందు కాగితం సంగతి చెప్పుకోవాలి. మాట పంపే వైర్‌లెస్ యంత్రాన్ని లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరమని 1933 నాటి చట్టం చెప్పింది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా అనుమతి వుండాలనే అంటున్నది. మాట్లాడకపోయినా, అటక మీద పెట్టినా అంతే. ఉత్త వినే రేడియోకు ఈ బాధ లేదు. కనుక ముందు పరీక్ష, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే కొనుగోలు. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా పరీక్షకు కూర్చోవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు కట్టుకట మోర్స్ అక్కరలేదు, యాభై వాట్లకు మించి పంపకూడదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటల చొప్పున మోర్స్ రావాలి, నాలుగు వందల వాట్ల వరకు పంపవచ్చు. మొదటివారి గుర్తు వీయూ3తోను, రెండవవారిది వీయూ2తోను మొదలవుతుంది.

ఆ గుర్తు మనిషిది, పెట్టెది కాదు. పాత సెట్టు కొంటే పాతాయన పిలుపు గుర్తు మనకు రాదు. కొందరు కుర్రవాళ్ళకు ఈ భ్రమ వుంది. అమ్మేవాడి లైసెన్సు నకలు, మన లైసెన్సు నకలు, సెట్టు నంబరు వేసి ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం దగ్గర వుంచుకోవడం మంచిది. దొంగసొత్తయితే రేపు పోలీసు స్టేషనులో నిలబడేది కొన్నవాడే. తిరునాళ్ళలో పిల్లల చేతికి చవకగా వచ్చే చైనా వాకీటాకీల విషయంలోనూ ఇదే మాట. 446 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తితో పనిచేసే చిన్న రకాలకు మాత్రమే 2018 నిబంధనలలో లైసెన్సు మినహాయింపు వుంది. అన్ని శ్రేణులూ పట్టే రకాలు అందులోకి రావు.

రెండో బేరం

మిర్చి అమ్మిన తర్వాత బావగారు ముప్పై వేలు పక్కన పెట్టారు. ఈసారి గుంటూరు వైపు వుండే ఒక రిటైరైన ఇంజనీరుగారిని వెంట తీసుకుపోయారు. ఆయనకు వీయూ2 గుర్తు వచ్చి చాలా ఏళ్ళయింది. కోస్తాలో ఒక పట్టణంలో ఆయన ఎరిగిన హామ్ ఒకరు కాలం చేశారు. వాళ్ళలో చనిపోయినవారిని సైలెంట్ కీ అంటారు, మీట మూగబోయిందని. ఆయన భార్యకు ఆ గదిలో వున్న సామాను విలువ తెలియదు. అప్పటికే ఒక దళారి వచ్చి గది మొత్తానికి పదివేలు ఇస్తానని అడిగి పోయాడు. ఆమె దాదాపు ఒప్పుకున్నది కూడా.

అక్కడ జరిగింది ఈ విలేకరి కళ్ళారా చూశాడు. ఇంజనీరుగారు కూర్చోగానే చేసిన మొదటి పని బేరం కాదు. కాగితం తీసుకొని, గదిలో వున్న ప్రతి వస్తువూ రాసి, దేనికి ఎంత వస్తుందో ఎదురుగా వేసి ఆమె చేతికిచ్చారు. "అమ్మా, మేము కొన్నా కొనకపోయినా ఈ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇంతకు తక్కువకు ఎవరికీ ఇవ్వకండి" అన్నారు. అది చూసి మేనల్లుడు "మావయ్యా, ఇలాగయితే మనకేం మిగులుతుంది?" అని చెవిలో గొణిగాడు. మిగలలేదు. కాని ఎలాంటి సెట్టు ఇంటికి వస్తుందో తెలిసింది.

సెట్టు జపానువారి యాసూ ఎఫ్‌టీ-747. వంద వాట్ల యంత్రం, పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. కరెంటు పోయినా ట్రాక్టరు బ్యాటరీ తగిలించి మాట్లాడవచ్చు. తుపాను రోజున కావలసింది అదే. వింటున్నప్పుడు ఆంపియరో రెండో తాగుతుంది గాని, పూర్తి శక్తితో మాట్లాడేటప్పుడు ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. తీగలు మోటారు స్టార్టరు తీగల్లా లావుగా వుండాలి.

పరీక్ష ఇలా చేశారు. ముందు మూత విప్పి వాసన చూశారు. కాలిన వాసన ఏళ్ళు గడిచినా పోదు. ఎలుక కొరికిన తీగలున్నాయా, మరలకు తలలు అరిగిపోయాయా చూశారు. మర తల అరిగిందంటే ఎవడో రాని పని చేశాడన్నమాట. తర్వాత ఏరియల్‌కు బదులు డమ్మీ లోడు తగిలించారు. అది యాభై ఓముల దిమ్మ, శక్తిని ఆకాశంలోకి పంపక వేడిగా మింగుతుంది. మధ్యలో మీటరు పెట్టి ఒక్కొక్క బ్యాండు మీద మీట నొక్కి చూశారు. తొంభై వాట్లకు పైగా వచ్చింది. ఒక బ్యాండు మీద వచ్చి ఇంకొక దాని మీద రాకపోతే లోపల రిలేయో ఫిల్టరో పోయిందని అర్థం. ఎర్ర దీపానికీ దీనికీ సంబంధం లేదు. మాట పంపే భాగం మొత్తం కాలిపోయినా దీపం నిక్షేపంగా వెలుగుతుంది.

వినే భాగానికి మరొక పరీక్ష. తెలిసిన ఆకాశవాణి స్టేషనును దాని అంకె మీదనే పట్టి చూడాలి. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ అని మన పెద్దవాళ్ళకు నోటికి వచ్చు. అంకె తప్పి పలికితే సెట్టు లోపలి గడియారం దారి తప్పిందన్నమాట. అరగంట సేపు అలాగే వుంచి, వేడెక్కాక స్టేషను పక్కకు జారుతున్నదా చూడాలి. బేరం ముగించే తొందరలో ఈ అరగంటే ఎవరూ ఆగరు.

లోపాలు లేకపోలేదు. అంకెలు చూపే దీపం మసకబారింది. ఒక గుండీ తిప్పితే గరగరమంటున్నది. ఇవి పనిని ఆపేవి కావు. సెట్టుకు 24 వేలు, కరెంటు నుంచి 13.8 వోల్టులిచ్చే పెట్టెకు 4 వేలు, మీటరుకు పదిహేను వందలు, మంచి కేబులు రెండు చుట్టలకు పదిహేను వందలు, మొత్తం 31 వేలు. కరెంటు పెట్టెను ముందు విడిగా బల్బుల బరువు మీద పరీక్షించారు. పాతకాలపు బరువైన పెట్టెల్లో ట్రాన్సిస్టరు ఒకటి పోతే పదమూడు వోల్టులకు బదులు ఇరవై పైన దూకి, కొత్తగా కొన్న సెట్టును ఒక్క క్షణంలో కాల్చేస్తుంది. ఎంతోమంది సెట్టు చెడ్డదనుకుంటారు, చెడ్డది ఈ పెట్టె.

అదే గదిలో ఇంకా పాత ఎఫ్‌టీ-101 కూడా వుంది. గాజు వాల్వుల కాలం నాటిది, బరువు, చూడ ముచ్చటగా వుంటుంది. కుర్రవాడి కళ్ళు దాని మీదే. ఇంజనీరుగారు వద్దన్నారు. దాని చివరి జత వాల్వులు 6జేఎస్6సీ అనేవి ఇప్పుడు దొరకడం గగనం. పైగా లోపల ఆరు వందల వోల్టుల దాకా వుంటుంది, స్విచ్చి ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి వుంటుంది. విప్పి చూసే అలవాటున్న కుర్రవాడికి అది యమపాశం.

ఆమె ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. బల్ల మీద వున్న ఇత్తడి మోర్స్ మీట. "అది వుండనివ్వండి" అన్నారు. ఎవరూ రెండో మాట అడగలేదు.

మేడ మీది టవరు

మేడ మీద నలభై అడుగుల ఇనుప టవరు, దాని నెత్తిన మూడు బ్యాండ్ల యాగీ ఏరియల్ వున్నాయి. యాగీ అంటే దూరదర్శన్ రోజుల్లో మన కప్పుల మీద వుండిన చేప ముల్లు ఏరియల్ లాంటిదే, ఇంకా పెద్దది. ఇస్తామన్నారు గాని తీసుకోలేదు. టవరు కాళ్ళ మొదట్లో సుత్తితో తడితే ఠంగుమనలేదు, చప్పగా పలికింది. గొట్టం లోపలి నుంచి తుప్పు తినేసింది. పై రంగు చూస్తే కొత్తదే. యాగీ చేతుల మధ్య వుండే ట్రాపులనే డబ్బాల్లో కందిరీగలు గూళ్ళు పెట్టాయి. పాత యాగీ కొనేవారు ఆ డబ్బాలు ఊపి చూడాలి, గొట్టాల కలయికల దగ్గర తెల్లటి పొడి వున్నదా చూడాలి. ఆ టవరు పక్కింటి రేకుల మీదికి ఒరిగి వుండడం గమనించి, వానలకు ముందే దింపించమని ఇంజనీరుగారు ఇంటివారికి గట్టిగా చెప్పి మరీ వచ్చారు.

పల్లెలో అంత ఏరియల్ అవసరమే లేదు. పట్టణంవాడికి చోటు లేదు కనుక పైకి కడతాడు. మనకు చోటుకు కరువా? నలభై మీటర్ల బ్యాండుకు కావలసింది రాగి తీగ. లెక్క చాలా సులువు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 7.1కి ఇరవై మీటర్లు, మన లెక్కలో 66 అడుగులు. మధ్యకు కోసి, ఒక్కొక్క వైపు 33 అడుగులు. కోసిన చోట కేబులు తగిలించాలి, చివరలకు పింగాణీ గుండ్లు కట్టాలి. కరెంటు స్తంభాల స్టే తీగకు వుండే గుండ్లలాంటివే.

బావగారి కల్లం పక్కన చీరాల వైపు నుంచి తెచ్చిన సరుగుడు కర్ర ఒకటి నిలబెట్టారు. రెండో కొసకు వేపచెట్టు. కర్ర నిలబెట్టడానికి వచ్చినవాళ్ళలో కోటప్పకొండ ప్రభ కట్టిన చేతులు రెండు జతలున్నాయి. ఎన్ని మోకులు, ఏ వైపు ముందు లాగాలి, ఏ వైపు వదలాలి అన్నది ఇంజనీరుగారి పుస్తకంలో కంటే వాళ్ళకే బాగా తెలుసు. తీగ, గుండ్లు, తాళ్ళు అన్నిటికీ కలిపి పందొమ్మిది వందలు. వెయ్యి రూపాయల ఏరియల్‌తో పాతిక వేల సెట్టు పనిచేస్తుంది, పాతిక వేల ఏరియల్ వున్నా సరే సెట్టుకు తగని కొలత అయితే పనిచేయదు.

తీగ కొలత సరిపోయిందో లేదో మీటరు చెబుతుంది. నాలుగంగుళాల బోరు నీళ్ళను రెండంగుళాల గొట్టంలోకి తోస్తే వెనక్కి తన్నినట్టే, కొలత కుదరని తీగకు పంపిన శక్తి సెట్టు మీదికే తిరిగి వస్తుంది. మీటరులో ఒకటిన్నర లోపు వుంటే మేలు, మూడు దాటితే మీట వదిలేయాలి. మనవాళ్ళు జాగ్రత్తకని 34 అడుగుల చొప్పున కోశారు. మీటరు 6.9 దగ్గర మంచి చూపించింది, 7.1 దగ్గర రెండు దాటింది. రెండు వైపులా అడుగు చొప్పున కోసేసరికి కుదిరింది. పొడుగు తీగను కోయవచ్చు, పొట్టి తీగను సాగదీయలేము గదా.

ఇళ్ళ మీద తుప్పు పడుతున్న దూరదర్శన్ ఏరియళ్ళను కూడా పాత ఇనుము వాడికి కేజీల లెక్కన వేయకండి. నేల మీది టీవీ ప్రసారాలు దాదాపు అన్ని చోట్లా ఆగిపోయాక అవి కాకులు వాలడానికే వున్నాయి. వాటి అల్యూమినియం గొట్టాలు సుమారు మీటరు పొడుగుంటే 145 మెగాహెర్ట్జ్ యాగీకి పనికివస్తాయి. పొడుగువి కోసుకోవచ్చు, పొట్టివి పనికిరావు. ఆ ఏరియల్‌ను ఒకడు పైనుంచి తిప్పడం, ఇంకొకడు కింద నుంచి "వచ్చిందా, పోయిందా, అక్కడే ఆపు" అని అరవడం నలభై ఏళ్ళు దాటినవారందరికీ గుర్తుండే వుంటుంది. హామ్‌లు ఇప్పటికీ అదే చేస్తున్నారు, అరుపు మాత్రం సెల్ ఫోనులో.

పదకొండు కేవీ

ఇది మాత్రం వేళాకోళం కాదు. మన చేల మీదుగా పదకొండు కేవీ తీగలు పోతున్నాయి. ఏరియల్ కర్ర ఎంత పొడుగో దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో ఏ కరెంటు తీగా వుండకూడదు. కర్ర నిలబెట్టేటప్పుడు ఒరిగినా, గాలివానకు రాగి తీగ తెగి ఎగిరినా ఆ తీగలకు తగలని దూరం కావాలి. తీగ కింద నుంచి గాని పై నుంచి గాని ఏరియల్ దాటించనే కూడదు. బావగారి చేలో మొదట అనుకున్న చోటు లైనుకు ఇరవై అడుగులే వుంది. వేపచెట్టు వైపుకు మార్చారు. మబ్బు పట్టినప్పుడు కేబులు సెట్టు నుంచి ఊడదీసి ఇంటి బయట పడేయాలి, పిడుగుకు ఎర్తు ఊచ భూమిలో లోతుగా దిగి వుండాలి.

డబ్బు లేనివారికి ఇంకో దారి వుంది. హైదరాబాదుకు చెందిన అష్‌హర్ ఫర్హాన్ అనే హామ్ బిట్‌ఎక్స్ అనే చిన్న యంత్రాన్ని బజారులో దొరికే భాగాలతోనే చేసుకునేట్టు రూపొందించారు. విదేశీ అయస్కాంతపు ఉంగరాలు దొరక్క, దానిలో చుట్టలు చుట్టడానికి కుళాయిలలో వేసే వాషర్లు వాడారు. ఆ నమూనా ప్రపంచమంతా తిరిగింది. శక్తి అయిదారు వాట్లే. తర్వాత వచ్చిన రకాలు పాతవి అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంటాయి. చేతితో అతికించినవి గనుక అతుకులు భూతద్దంతో చూసి తీసుకోవాలి. మంచి తీగ వుంటే ఆ అయిదు వాట్లకు కూడా బెంగుళూరు పలుకుతుంది.

మేనల్లుడి సెట్టు మొదటి రోజు సాయంత్రం పలకలేదు. చెవులు చిల్లులు పడే బుస్సు తప్ప ఏమీ లేదు. రెండు రోజులు సెట్టు మీద అనుమానం. చివరికి చూస్తే వసారాలో వెలుగుతున్న చవక ఎల్ఈడీ బల్బు ఆ రొద చేస్తున్నది. అది తీసేశాక మరునాడు పొద్దున తొమ్మిదింటికి బెంగుళూరు నుంచి ఒకాయన జవాబిచ్చాడు. కుర్రవాడు లైసెన్సు ప్రకారం యాభై వాట్లకే తగ్గించి మాట్లాడాడు. ఊరు పేరు రెండు సార్లు అక్షరం అక్షరం చెప్పవలసి వచ్చింది. బావగారు గుమ్మంలో నిలబడి విని, "అక్కడ వానలున్నాయా అడుగు" అన్నారు. వున్నాయన్నాడాయన.

టాక్సీ సెట్టు ఇంకా అటక మీదే వుంది. లైసెన్సు వున్నవాడికి తప్ప అమ్మకూడదు, వున్నవాడికి అది పనికిరాదు. సరుగుడు కర్రకు కట్టిన కొబ్బరి మోకులు ఎండకు చీకిపోతున్నాయి. తొలకరికి ముందే నైలాను తాళ్ళు వేయాలని, ఈసారి డబ్బు తానే ఇస్తానని బావగారు అన్నారు.